మలివయసులో తృప్తి: పని పాలెంత, స్వభావం పాలెంత

వయసు మళ్లినవాళ్లు రోజు ఎలా గడపాలన్న విషయంలో తెలుగు ఇళ్లలో మూడు మాటలు తరచుగా వినిపిస్తాయి. కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోమనేది ఒకటి. కాలూ చెయ్యీ ఆడినంత కాలం ఏదో ఒకటి చేసుకుంటూనే ఉండాలనేది రెండోది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు కాబట్టి ఎవరి తీరున వాళ్లను వదిలేయమనేది మూడోది. ఇవి ఒకదానితో ఒకటి పొసగవు. అయినా ఒకే ఇంట్లో, ఒకే పెద్దాయన గురించి సందర్భాన్ని బట్టి మూడింటినీ వాడేస్తుంటారు. వార్ధక్య మనస్తత్వశాస్త్రంలో 1950ల నుంచి నడుస్తున్న ప్రధాన వాదం కూడా దాదాపు ఈ మూడు మాటల మధ్యే తిరుగుతోంది. అక్కడ మొదటిది వైదొలగే సిద్ధాంతం, రెండోది క్రియాశీలతా సిద్ధాంతం, మూడోది కొనసాగింపు సిద్ధాంతం. ఏది నిజమో తేల్చాలంటే ముందు మూడింటిని కొలవాలి: మనిషి వ్యక్తిత్వం (పాఠ్యపుస్తకాల్లో మూర్తిమత్వం), ఆ మనిషి చేసే పనులు, బతుకు మీద ఉన్న తృప్తి. ఏదీ తేలిగ్గా కొలతకు అందదు. మూడోది మరీ అందదు.

ఈ వాదానికి పుట్టినిల్లు అమెరికాలోని కాన్సస్ సిటీ. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1950లలో ఆ నగరంలోని నడివయసు, మలివయసు వాళ్లను ఎంచుకొని, అదే మనుషులను కొన్నేళ్లపాటు మళ్లీ మళ్లీ కలిసి మాట్లాడారు. వాళ్లు ఆసుపత్రుల్లోనో ఆశ్రమాల్లోనో ఉన్నవాళ్లు కాదు. సొంత ఇళ్లలో ఉంటూ తమ పనులు తాము చేసుకోగలిగే మామూలు జనం. రాబర్ట్ హావిగర్స్ట్, బెర్నీస్ న్యూగార్టెన్, విలియం హెన్రీ, ఎలేన్ కమింగ్, షెల్డన్ టోబిన్ ఆ బృందంలో పనిచేశారు. ఒకే సమాచారాన్ని ముందు పెట్టుకొని ఒకే బృందంలోని వాళ్లు రెండు ఎదురెదురు నిర్ణయాలకు రావడం ఈ అధ్యయనంలోని విశేషం.

కమింగ్, హెన్రీ 1961లో తమ పుస్తకంలో చెప్పింది ఇది: వయసు పెరిగేకొద్దీ మనిషి సమాజం నుంచీ, సమాజం మనిషి నుంచీ ఒకరి ఇష్టంతో ఒకరు దూరం జరుగుతాయి. చావు దగ్గర పడుతోందన్న ఎరుకతో మనిషి చూపు లోపలికి మళ్లుతుంది. ఖాళీ అయిన స్థానాన్ని తర్వాతి తరం అందుకుంటుంది కాబట్టి సమాజానికీ ఇబ్బంది ఉండదు. ఇది ఎక్కడైనా జరిగేదే, ఎవరికైనా తప్పనిదే, ఇలా వైదొలగినవాళ్లు అసంతృప్తితో ఏమీ ఉండరు అని వాళ్ల వాదం. ఇది చదవగానే తెలుగు పాఠకులకు వానప్రస్థం గుర్తుకొస్తుంది. పోలిక కొంతవరకే నిలుస్తుంది. వానప్రస్థం ధర్మశాస్త్రం పెట్టిన విధి, ఎంతమంది పాటించారన్నది వేరే సంగతి. కమింగ్, హెన్రీ విధించలేదు, లోకంలో జరుగుతున్నదే ఇది అన్నారు. జరుగుతున్నదే అన్నప్పుడు, జరగని ఒక్క మనిషి ఎదురైనా సమాధానం చెప్పుకోవాలి.

అలాంటి మనుషులు చాలామందే ఎదురయ్యారు. హావిగర్స్ట్ వాదన రెండో మాట వైపు మొగ్గింది. నడివయసులో చేసిన పనుల్ని, పెట్టుకున్న సంబంధాల్ని వీలైనంత కాలం నిలబెట్టుకోవాలి. ఉద్యోగం పోతే దాని స్థానంలో మరో వ్యాపకం, స్నేహితుడు పోతే మరో స్నేహం వెతుక్కోవాలి. దూరం జరిగేది మనిషి కాదు, సమాజమే మనిషిని నెడుతోందని ఈ పక్షం అభిప్రాయం. వైదొలగే సిద్ధాంతం మీద పదునైన విమర్శ మాత్రం 1975లో ఆర్లీ హోష్‌చైల్డ్ చేసింది. ఎవరైనా వైదొలగకుండా చురుగ్గా కనిపిస్తే వాళ్లకింకా సమయం రాలేదనో, వాళ్లు అందరిలాంటివాళ్లు కారనో చెప్పి తప్పించుకునే దారులు ఆ సిద్ధాంతంలోనే ఉన్నాయని, కాబట్టి అది తప్పని ఎవరూ ఎప్పటికీ రుజువు చేయలేరని ఆమె చూపించింది. తప్పని రుజువయ్యే వీలే లేని మాట శాస్త్రంలో ఎంతోకాలం నిలవదు. కమింగ్ కూడా అంతకు చాలా ముందే, 1963లోనే కొంత వెనక్కి తగ్గి, మనుషుల స్వభావాల్లోని తేడాలను లెక్కలోకి తెచ్చింది. కొందరు ఎదుటివాళ్లతో ఢీకొంటూ, పదిమందిలో కలుస్తూ ఉంటేనే తామెవరో తమకు తెలిసే రకం. కొందరు ఏరుకొని, ఆచితూచి కలిసే రకం. వయసు మీద పడటం ఈ ఇద్దరికీ ఒకేలా ఉండదని ఆమె రాసింది. అంటే సిద్ధాంతం పుట్టిన రెండేళ్లకే వ్యక్తిత్వం గుమ్మం దాటి లోపలికొచ్చిందన్నమాట.

తృప్తిని కొలిచే సాధనం కూడా కాన్సస్ సిటీ సమాచారం నుంచే పుట్టింది. న్యూగార్టెన్, హావిగర్స్ట్, టోబిన్ 1961లో ప్రచురించిన జీవన సంతృప్తి సూచిక ఐదు అంశాల మీద నిలుస్తుంది: రోజువారీ బతుకులో ఉత్సాహం, తన జీవితానికి తానే బాధ్యుడినని ఒప్పుకొని నిబ్బరంగా ఉండటం, కోరుకున్నదానికీ సాధించినదానికీ పొంతన, తన మీద తనకున్న మంచి అభిప్రాయం, మనసు సాధారణంగా ప్రసన్నంగా ఉండటం. మొదట ఇంటర్వ్యూలు చదివి మార్కులు వేసేవారు. తర్వాత అవునో కాదో చెబితే చాలనేలా 20 వాక్యాల ప్రశ్నావళి తయారైంది. దశాబ్దాలపాటు ప్రపంచమంతా దీన్నే వాడింది. 1985లో ఎడ్ డీనర్ బృందం ఐదే వాక్యాలతో మరో కొలమానం తెచ్చాక అది ఎక్కువగా వాడుకలోకి వచ్చింది.

1968లో వెలువడిన విశ్లేషణ ఈ మొత్తం చర్చలో కీలకమైనది. అయినా దానికి రావలసినంత పేరు రాలేదు. న్యూగార్టెన్, హావిగర్స్ట్, టోబిన్ 70 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 59 మందిని తీసుకున్నారు. ఒక్కొక్కరి వ్యక్తిత్వాన్నీ అంచనా వేశారు. తల్లి లేదా తండ్రిగా, భార్య లేదా భర్తగా, తాతగా, అమ్మమ్మగా, బంధువుగా, ఉద్యోగిగా, స్నేహితుడిగా, ఇరుగుపొరుగుగా, చర్చి సభ్యుడిగా ఇలా 11 పాత్రల్లో ఎవరెంత మునిగి ఉన్నారో లెక్కించారు. తర్వాత ఆ రెంటినీ సంతృప్తి పక్కన పెట్టి చూశారు.

వ్యక్తిత్వాలు నాలుగు రకాలుగా తేలాయి. మొదటిది మనసులో పొందిక ఉన్న రకం. వీళ్లలో కొందరు పోయిన పాత్రల స్థానంలో కొత్తవి పెట్టుకొని ఊపిరి సలపకుండా ఉన్నారు. కొందరు ఒకటి రెండు విషయాలు మాత్రం ఉంచుకొని మిగతావి వదిలేశారు. మరికొందరు దాదాపు అన్నీ వదిలేసి పడక్కుర్చీలో హాయిగా ఉన్నారు. ఈ మూడు గుంపుల్లోనూ తృప్తి ఎక్కువగానే ఉంది. అసలు కీలకం ఇక్కడే ఉంది. చేసే పనుల్లో ఇంత తేడా ఉన్నా తృప్తిలో తేడా లేకపోవడం క్రియాశీలతా సిద్ధాంతానికీ మింగుడుపడదు, వైదొలగే సిద్ధాంతానికీ మింగుడుపడదు.

రెండో రకం కవచం తొడుక్కున్నట్టు బతికేవాళ్లు. సాధించాలన్న పట్టుదల, పట్టు సడలితే ఏమవుతుందోనన్న భయం రెండూ కలిసి ఉంటాయి. వీళ్లలో కొందరు నడివయసు అలవాట్లను గట్టిగా పట్టుకొని, పనిచేస్తున్నంత కాలం బాగానే ఉంటామంటారు. వాళ్ల మాట వాళ్ల విషయంలో నిజమే. మరికొందరు ముడుచుకుపోయి, ఖర్చు చేస్తే తరిగిపోతుందేమో అన్నట్టు తమ శక్తిని దాచుకుంటారు. మూడోది ఒకరి మీద ఆనుకొని బతికే రకం. ఆసరా ఇచ్చే మనిషి ఒకరో ఇద్దరో దొరికితే వీళ్లకు రోజులు సాఫీగా గడుస్తాయి. లేకపోతే ఏమీ పట్టనట్టు మంచానికి అతుక్కుపోతారు. నాలుగో రకంలో ఆలోచనా అదుపు తప్పుతుంది, కోపతాపాలూ అదుపు తప్పుతాయి. వీళ్లకు పని తక్కువ, తృప్తి తక్కువ. 59 మందితో చేసిన వర్గీకరణను అందరికీ అన్వయించడానికి లేదు. వాళ్లంతా తెల్లజాతివాళ్లు, ఒకే నగరంవాళ్లు. అయినా తెలుగు ఊళ్లలో నాలుగిళ్లు తిరిగినవాళ్లెవరికైనా ఈ మనుషుల్లో సగంమంది పరిచయస్తుల్లాగే తోస్తారు.

కాలిఫోర్నియాలో సుజానే రైకార్డ్ బృందం 87 మంది పురుషులను పరిశీలించి 1962లో ప్రచురించిన పుస్తకమూ ఇలాంటి మాటే చెప్పింది. పరిణతి ఉన్నవాళ్లు, పడక్కుర్చీ మనుషులు, కవచధారులు బాగానే సర్దుకున్నారు. లోకాన్ని తిట్టుకునే కోపిష్టులు, తమను తామే తిట్టుకునేవాళ్లు సర్దుకోలేకపోయారు. పడక్కుర్చీలో కూర్చున్నవాళ్లకూ, కూర్చోవడానికి భయపడేవాళ్లకూ తృప్తి దొరికిందంటే అసలు సంగతి కుర్చీలో లేదనే కదా.

ఇంత తేటగా తేలినా క్రియాశీలతా సిద్ధాంతం వెనక్కి తగ్గలేదు. దానికి ఒక కారణం కొలమానంలోనే దాగి ఉంది. సంతృప్తి సూచికలో మొదటి అంశం ఉత్సాహం. చురుగ్గా పనులు చేసేవాళ్లకు ఆ అంశంలో ఎలాగూ ఎక్కువ మార్కులు పడతాయి. అప్పుడు పనికీ తృప్తికీ సంబంధం కనబడటంలో వింతేమీ లేదు, ఒకే నీళ్లను రెండు చెంబుల్లో పోసి కొలిచినట్టే. కాబట్టి ఈ సూచికతో వచ్చిన సహసంబంధాలను కొంత తగ్గించి చదువుకోవాలి.

క్రియాశీలతా సిద్ధాంతాన్ని నేరుగా పరీక్షకు పెట్టినవారు లెమన్, బెంగ్ట్‌సన్, పీటర్సన్. కాలిఫోర్నియాలోని ఒక రిటైర్మెంట్ కాలనీకి వచ్చినవాళ్లను అడిగి 1972లో వాళ్లు ప్రచురించిన ఫలితం ఆ సిద్ధాంతానికి పెద్దగా కలిసి రాలేదు. సంఘాలు, సభలు వంటి లాంఛనమైన పనులకు తృప్తితో సంబంధం కనబడలేదు. ఒంటరిగా చేసుకునే వ్యాపకాలకూ కనబడలేదు. నిలిచింది ఒక్కటే, స్నేహితులతో కాలక్షేపం. లోంగినో, కార్ట్ 1982లో ఇదే పరీక్షను మళ్లీ జరిపినప్పుడు ఆత్మీయులతో గడిపే సమయం తృప్తిని పెంచుతుందని తేలింది. లాంఛనమైన కార్యకలాపాలైతే తృప్తికి ఎదురుగానే ఉన్నాయి. అసోసియేషన్ ఎన్నికలు చూసినవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించకపోవచ్చు. 1984లో మోరిస్ ఓకున్ బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి లెక్కగట్టింది. ఒకరికీ మరొకరికీ తృప్తిలో ఉండే తేడాలో సామాజిక కార్యకలాపాలు వివరించగలిగేది 1 నుంచి 9 శాతం మధ్యలో మాత్రమే. అంతకుముందు 1978లో రీడ్ లార్సన్ 30 ఏళ్ల అమెరికన్ పరిశోధనలను సమీక్షించినప్పుడూ ముందు నిలిచింది ఆరోగ్యమే. ఆ తర్వాతే ఆర్థిక స్థితి, నలుగురితో మెలగడం వచ్చాయి.

మరి వ్యక్తిత్వం పాలెంత? 1980లో పాల్ కోస్టా, రాబర్ట్ మెక్రే బోస్టన్‌లో మాజీ సైనికుల మీద నడుస్తున్న దీర్ఘకాల అధ్యయనం నుంచి దీనికి గట్టి జవాబు తెచ్చారు. బహిర్ముఖత ఎక్కువ ఉన్నవాళ్లకు ఆనందం ఎక్కువ. ఆందోళన, చిరాకు, కుంగుబాటు వైపు మొగ్గే స్వభావం ఉన్నవాళ్లకు బాధ ఎక్కువ. ఇక్కడ గమనించాల్సింది, ఆనందం మీదా బాధ మీదా పనిచేసే స్వభావ లక్షణాలు వేర్వేరు. నలుగురితో కలివిడిగా తిరగడం ఆనందాన్ని పెంచుతుంది, ఆందోళనను తగ్గించదు. పైగా పదేళ్ల కింద కొలిచిన స్వభావాన్ని బట్టి ఇవాళ్టి తృప్తిని కొంతమేర ముందే చెప్పవచ్చని తేలింది. స్వభావం అంత స్థిరమైనదా అంటే, వయసుతో పాటు మరింత స్థిరపడుతుందని 152 దీర్ఘకాల అధ్యయనాలను కలిపి 2000లో చేసిన విశ్లేషణ చెబుతోంది. ఒకే లక్షణాన్ని కొన్నేళ్ల తేడాతో రెండుసార్లు కొలిస్తే వచ్చే సహసంబంధం పసితనంలో 0.31 ఉంటే, 50 నుంచి 70 ఏళ్ల మధ్య 0.74కి చేరుతుంది. పుడకల సామెతకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఉండదు. అయితే 0.74 అంటే ఒకటి కాదు, మారేది కొంత మిగిలే ఉంది.

అదే బోస్టన్ అధ్యయనంలో సుమారు రెండు వేల మంది పురుషులను 22 ఏళ్లపాటు చూసిన మ్రోచెక్, స్పైరో తృప్తి దాదాపు 65 ఏళ్ల దాకా పెరిగి, అక్కడినుంచి తగ్గుముఖం పడుతుందని 2005లో రాశారు. ఆ పెరగడం తరగడం ఎవరి విషయంలో ఎలా ఉంటుందన్నదీ బహిర్ముఖతతో ముడిపడే ఉంది. మృత్యువుకు ముందు మూడు నుంచి ఐదేళ్లలో తృప్తి బాగా పడిపోతుందని జర్మనీలో ఏటేటా నడిచే ఇంటింటి సర్వే ఆధారంగా డెనిస్ గెర్‌స్టార్ఫ్ బృందం తర్వాత చూపింది. కాబట్టి ముసలితనంలో తృప్తి తగ్గడమని చెప్పేదాంట్లో కొంత వయసు వల్ల వచ్చింది కాదు, చివరి జబ్బుల వల్ల వచ్చింది.

మూడో మాటకు సిద్ధాంత రూపం ఇచ్చింది రాబర్ట్ ఆచ్లీ. 1989లో ఆయన వివరంగా రాసిన కొనసాగింపు సిద్ధాంతం ప్రకారం మనిషి మలివయసులో కొత్త మనిషి కాడు, కావాలనీ కోరుకోడు. అలవాట్లను, ఇష్టాలను, సంబంధాలను కొద్దికొద్దిగా సర్దుకుంటూ లోపలి తీరును కాపాడుకుంటాడు. తెనాలి దగ్గరి గుడివాడ గ్రామంలో నూరేళ్లు దాటిన అవ్వగా పేరొందిన మస్తానమ్మ కట్టెల పొయ్యి మీద వండుతుంటే యూట్యూబ్‌లో లక్షలమంది చూశారు. 2018లో ఆమె కన్నుమూసింది. చూసేవాళ్లకు అది వింత కావచ్చు, ఆమెకు మాత్రం జన్మంతా చేసిన వంటే. భౌతికశాస్త్ర ఆచార్యురాలు చిలుకూరి శాంతమ్మ ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1989లో రిటైరయ్యాక, 90 దాటిన వయసులోనూ విజయనగరంలో పాఠాలు చెప్పడమూ అలాంటిదే. పత్రికలు ఇలాంటివాళ్లను వయసును జయించారని మెచ్చుకుంటాయి. నిజానికి వాళ్లు తమ పాత దారిని వదలకుండా నడిచినవాళ్లు. అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూస్తూ అంతే తృప్తిగా ఉన్న పెద్దావిడ గురించి ఏ పత్రికా రాయదు. అందుకే జనం మనసులో క్రియాశీలతా సిద్ధాంతానికి ఉండాల్సినదానికన్నా ఎక్కువ బలం ఉంది.

ఒంట్లో శక్తి తగ్గుతున్నప్పుడు కొనసాగింపు ఎలా సాధ్యమో పాల్ బాల్టెస్, మార్గ్రెట్ బాల్టెస్ 1990లో చెప్పారు. వాళ్లు తరచూ ఇచ్చిన ఉదాహరణ పియానో విద్వాంసుడు ఆర్థర్ రూబిన్‌స్టైన్. ఎనభై దాటినా కచేరీలు ఎలా చేయగలుగుతున్నారని అడిగితే ఆయన చెప్పిన కిటుకులు మూడు. వాయించే కృతుల సంఖ్య తగ్గించడం, ఉన్నవాటినే ఎక్కువ సాధన చేయడం, వేగంగా వాయించాల్సిన చోటుకు ముందు కాస్త నిదానించి తర్వాతిది వేగంగా అనిపించేలా చేయడం. పాడే కచేరీల్లో కృతుల ఎంపిక మార్చుకుంటూ, శ్రుతి తగ్గించుకుంటూ వచ్చిన కర్ణాటక గాయకులను ఎరిగినవాళ్లకు ఇది కొత్త కాదు.

సంబంధాల విషయంలో ఇదే పని చేసింది లారా కార్‌స్టెన్‌సెన్. మలివయసులో పరిచయాల సంఖ్య తగ్గడం నిజమే. అది కమింగ్, హెన్రీ అనుకున్నట్టు లోకం నుంచి వైదొలగడం కాదని ఆమె వాదన. దూరపు పరిచయాలు రాలిపోతాయి, దగ్గరివాళ్లు ఉంటారు. దానికి కారణం వయసు కాదు, మిగిలిన కాలం కొద్దిదన్న ఎరుక. ఆయుష్షు మరో 20 ఏళ్లు పెరిగిందనుకోమని అడిగితే వృద్ధులు కొత్త పరిచయాల పట్ల యువకుల్లాగే ఆసక్తి చూపారు. త్వరలో ఒంటరిగా దూరప్రాంతానికి వెళ్లిపోతున్నట్టు ఊహించుకోమంటే యువకులు వృద్ధుల్లాగే అయినవాళ్ల దగ్గరికి వెళ్లారు. 1972లో కాలనీలో స్నేహితుల కాలక్షేపం ఒక్కటే ఎందుకు నిలిచిందో దీన్నిబట్టి అర్థమవుతుంది. పెళ్లిళ్లకు వెళ్లడం మానేసి రోజూ సాయంత్రం ఇద్దరు పాత మిత్రులతోనే గుడి మెట్ల మీద కూర్చునే పెద్దాయన లోకం మీద విసిగి అలా చేయడం లేదు, ఏరుకుంటున్నాడు.

పని, స్వభావం తర్వాత మూడోది ఇష్టం. ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ 1976లో కనెక్టికట్‌లోని ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో 91 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మొక్కను ఎంచుకొని తామే పెంచుకోమన్నారు, సినిమా ఏ రోజు చూడాలో తామే నిర్ణయించుకోమన్నారు. రెండో గుంపుకూ మొక్కలూ సినిమాలూ ఇచ్చారు, కానీ నీళ్లు పోసేదీ రోజు నిర్ణయించేదీ సిబ్బంది. మొదటి గుంపు చురుకుదనంలోనూ సంతోషంలోనూ మెరుగైంది. ఏడాదిన్నర తర్వాత చూస్తే మొదటి గుంపులో 15 శాతం, రెండో గుంపులో 30 శాతం మంది చనిపోయారు. ఈ మరణాల లెక్క ఇప్పటికీ పుస్తకాల్లో ఘనంగా కనబడుతుంది. అయితే ఆ తేడా మొదట ప్రకటించినంత గట్టిది కాదని తర్వాత సవరణ వెలువడింది. మనుషులూ కొద్దిమందే. ఇష్టానికి విలువ ఉందన్నంత వరకు ఈ ప్రయోగం నమ్మదగిందే, ఆయుష్షు పెరుగుతుందన్న మాటను పక్కన పెట్టవచ్చు. అదే కాలంలో రిచర్డ్ షుల్జ్ చేసిన ప్రయోగం దీనికి రెండోవైపు. విద్యార్థులు ఎన్నిసార్లు రావాలో, ఎంతసేపు ఉండాలో తామే నిర్ణయించుకున్న వృద్ధులు అప్పటికి బాగుపడ్డారు. ప్రయోగం ముగిసి విద్యార్థులు రావడం మానేశాక వాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. ఇచ్చి లాక్కోవడం అసలు ఇవ్వకపోవడం కన్నా చేటు. సెలవుల్లో మాత్రమే సేవకు వెళ్లే సంఘాలు ఇది గుర్తుంచుకోవాలి.

రిటైర్మెంటూ ఇలాంటిదే. కోరుకొని విరమించినవాళ్లకూ, ఉన్నట్టుండి విరమించాల్సి వచ్చినవాళ్లకూ తృప్తిలో తేడా ఉంటుందని పలు దేశాల్లో తేలింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగ విరమణ వయసును 58 నుంచి ఒక్కసారిగా 55కి తగ్గించింది. ఆ ఉత్తర్వు ఇచ్చేనాటికి ముఖ్యమంత్రికి 59 ఏళ్లు. విరమణ వయసు తర్వాత మళ్లీ 58 అయింది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60, 2022లో 62 అయింది. రాత్రికి రాత్రి ఇంటికి వెళ్లాల్సి వచ్చినవాళ్ల విషయంలో స్వభావం గురించి మాట్లాడేముందు ఆ ఉత్తర్వు గురించి మాట్లాడాలి. రిటైరైనవాళ్లు ఉద్యోగంలో ఉన్నప్పటికన్నా ఇప్పుడే తీరిక లేదని చెప్పుకోవడం మరో విషయం. డేవిడ్ ఎకర్డ్ 1986లో దీన్ని తీరికలేనితనపు నీతి అన్నాడు. ఊరికే కూర్చోవడం తప్పని నమ్మే సమాజంలో, విశ్రాంతిని కూడా పనిలా చూపించుకుంటేనే గౌరవం. అలా చెప్పుకున్న తీరికలేనితనాన్ని పరిశోధకుడు చురుకుదనంగా రాసుకుంటే లెక్క తప్పుతుంది.

భారతదేశంలో ఈ సిద్ధాంతాలకు మరో చిక్కు ఉంది. పాశ్చాత్య సాహిత్యంలో పని అంటే మనిషి తీరికలో ఎంచుకునే వ్యాపకం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. పల్లెల్లో ఆ వయసు పురుషుల్లో 66 శాతం, స్త్రీలలో 28 శాతం పనిచేస్తూనే ఉన్నారు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గరిష్ఠ వయసు పరిమితి పెట్టలేదు. ఎండలో మట్టి తట్ట మోసే 65 ఏళ్ల కూలీ ఏ ప్రశ్నావళిలోనైనా క్రియాశీలిగానే నమోదవుతాడు. ఆ పని పొట్టకోసం. దాన్ని మానుకునే వీలు రావడమే ఆ మనిషికి తృప్తి కావచ్చు. వృద్ధాప్య పింఛను తెలంగాణలో 2,016 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి 4,000 రూపాయలు. ఇలాంటి ఇళ్లలో ఆ మొత్తంలో వచ్చే మార్పు ఏ హాబీ తరగతికన్నా తృప్తిని ఎక్కువ కదిలిస్తుందనుకోవడం న్యాయమే. ఇంగ్లిష్ మాట్లాడే సంపన్న దేశాల్లో మలివయసులో తృప్తి పెరుగుతుంటే, మాజీ సోవియట్ దేశాల్లోనూ తూర్పు యూరప్‌లోనూ వయసుతో తగ్గిపోతోందని ఆండ్రూ స్టెప్టో, ఆంగస్ డీటన్, ఆర్థర్ స్టోన్ 2015లో లాన్సెట్ పత్రికలో చూపారు. అక్కడి ముసలివాళ్లందరికీ చెడ్డ స్వభావాలు ఉన్నాయని ఎవరూ అనరు. వాళ్లు కూడబెట్టుకున్నదీ, నమ్ముకున్న వ్యవస్థా కూలిపోయాయి.

తెలుగు నేల మీద ఈ అంశానికి సొంత పరిశోధనా సంప్రదాయమే ఉంది. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర విభాగంలో పి.వి. రామమూర్తి, ఆయనతో పాటు డి. జమున, వార్ధక్య అధ్యయనానికి దేశంలోనే ముందు దారి వేశారు. వాళ్లు గుర్తించిన అంశాల్లో చురుకుదనం, ఆసక్తుల విస్తృతి ఉన్నాయి. వాటితో పాటు వయసు తెచ్చే మార్పులను ఒప్పుకోవడం, తన ఆరోగ్యం గురించి తనకున్న అభిప్రాయం, తరాల మధ్య సఖ్యత, కర్మ మీద నమ్మకం కూడా ఉన్నాయి. చివరి రెండూ అమెరికన్ జాబితాల్లో కనిపించవు. కాన్సస్ సిటీ 11 పాత్రల్లో కోడలితో మాట పట్టింపు లేకుండా ఉండటానికి వేరే గడి లేదు. ఇక్కడ ఆ ఒక్క గడి చాలా గడుల పెట్టు. భర్త పోయిన స్త్రీలకు, ఆస్తి తమ పేరున లేనివాళ్లకు మరీ ముఖ్యం.

కొలతలోనూ భాష అడ్డం వస్తుంది. తెలుగు పల్లెలో ఎలా ఉన్నారని పెద్దవాళ్లను అడిగితే వచ్చే జవాబులు కొన్నే. "ఏదో ఇలా గడిచిపోతోంది." "దేవుడి దయ వల్ల బాగానే ఉన్నాం." "పిల్లలు చల్లగా ఉంటే చాలు." రెండో జవాబు నిబ్బరమో, నిస్సహాయతో మాటలో తెలియదు, గొంతులో తెలుస్తుంది. మూడో జవాబు ఇచ్చిన మనిషి తన తృప్తి గురించి అసలు మాట్లాడనేలేదు. పక్కన కొడుకో కోడలో నిలబడి ఉంటే ఈ జవాబులు మరింత మర్యాదగా మారతాయి. ఇంగ్లిష్ వాక్యాలను అనువదించి ఏడు గడుల్లో ఒకదానిలో టిక్కు పెట్టించే సర్వేలు ఈ తేడాలను పట్టుకోలేవు.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రుల విషయంలో అన్ని సిద్ధాంతాలూ ఒకేసారి పరీక్షకు వస్తాయి. మనవల పెంపకంతో పని నిండుగా ఉంటుంది. తిండికీ వైద్యానికీ లోటు ఉండదు. కారు నడపడం రాకపోతే గడప దాటలేరు. ఏరుకున్న మిత్రులు ఊళ్లో ఉండిపోయారు. కలివిడి మనిషి అక్కడ కృశిస్తాడు, పుస్తకమూ పూజా చాలనుకునే మనిషి నెమ్మదిగా ఉంటాడు. ఒకే ఇల్లు, ఒకే పని, ఇద్దరికీ రెండు రకాల తృప్తి.

ఇంతవరకూ వచ్చిన సాక్ష్యాన్ని బట్టి కొన్ని విషయాలు గట్టిగా చెప్పవచ్చు. ఆరోగ్యం, డబ్బు ఒక మట్టానికి దిగువన ఉన్నప్పుడు తృప్తిని అవే శాసిస్తాయి. ఆ మట్టం దాటాక స్వభావానిదే పైచేయి. పనికి తనంతట తానుగా ఉన్న బలం తక్కువ. అది స్వభావానికి సరిపడినప్పుడు, ఇష్టంతో చేసినప్పుడు, ఆత్మీయులతో కలిసి చేసినప్పుడు మాత్రం లెక్కకు వస్తుంది. పెద్దలందరినీ ఒకే పార్కులో ఒకే నవ్వుల క్లబ్బులో నిలబెట్టే కార్యక్రమాలు కొందరికి మేలు చేస్తాయి, కొందరికి శిక్ష అవుతాయి. ఎవరికేది అన్నది వాళ్లను అడిగితేనే తెలుస్తుంది.

భారతీయ పరిశోధనల్లో అధిక భాగం ఒక్కసారి అడిగి వదిలేసినవే కాబట్టి స్వభావం ముందో, తృప్తి ముందో వాటిలో తేలదు. ఆ లోటు తీర్చడానికి మొదలైంది భారత వార్ధక్య దీర్ఘకాల అధ్యయనం. ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్ర సంస్థ ఆధ్వర్యంలో 2017-18లో జరిగిన మొదటి విడతలో 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72 వేల మందికి పైగా పాల్గొన్నారు. తృప్తిని కొలవడానికి డీనర్ ఐదు వాక్యాలూ అందులో ఉన్నాయి. వాళ్లనే 25 ఏళ్లపాటు మళ్లీ మళ్లీ కలవాలన్నది ప్రణాళిక. మొదటి విడతలో 45 ఏళ్లున్నవారు 60కి చేరేది 2032-33లో.